మత్తుకు అలవాటుపడిన పిల్లలకు అమెరికా స్కూళ్లలో స్పెషల్ ఎడ్యుకేషన్ వస్తుందా? తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు గుడి పార్కింగ్‌లోనో, బర్త్‌డే పార్టీలో పక్కకి పిలిచో, ఎక్కువగా రాత్రి పదకొండు దాటాక ఫోన్లోనో వస్తుంటాయి. "మా ఫ్రెండ్ వాళ్ల అబ్బాయికండీ" అని మొదలై, పది నిమిషాలకి "మా వాడికే" అని తేలుతుంది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. నేను లాయర్ని కాను. ఇక్కడ ఉన్నది అమెరికా అంతటికీ వర్తించే కేంద్ర చట్టాల సంగతి. గడువులు, కొన్ని నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

పిల్లాడు లేవకపోయినా, ఊపిరి సరిగా తీయకపోయినా ఇది చదువుతూ కూర్చోవద్దు, 911కి ఫోన్ చేయండి. ప్రాణం తీసుకుంటానని అంటుంటే 988కి చేయండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

మా అబ్బాయికి గంజాయి అలవాటైంది. ఆ ఒక్క కారణంతో ఐఈపీ (స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పిల్లాడికి విడిగా రాసే ప్రణాళిక) ఇస్తారా?

ఇవ్వరు. స్పెషల్ ఎడ్యుకేషన్‌కి ఆధారం ఐడియా అనే చట్టం. 1975లో వేరే పేరుతో వచ్చింది, 1990లో ఈ పేరు పెట్టారు, 2004లో పెద్ద సవరణ జరిగింది. అందులో 13 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం, చదవడం రాయడంలో ఇబ్బందులు, చూపు, వినికిడి, భావోద్వేగ సమస్యలు, ఇతర ఆరోగ్య సమస్యలు వంటివి. డ్రగ్స్‌కి, మద్యానికి అలవాటుపడటం ఆ 13లో లేదు.

కానీ అక్కడితో ఆగిపోకండి. అలవాటుపడిన పిల్లల్లో చాలామందికి దాని వెనకో పక్కనో ఇంకొకటి ఉంటుంది: డిప్రెషన్, యాంగ్జైటీ, ఎవరూ గుర్తించని ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య), చదవడంలో ఇబ్బంది. అవి చట్టంలోని విభాగాల్లోకి వస్తాయి. డ్రగ్స్ వాడుతున్నాడన్న కారణంతో ఆ రెండో సమస్యకి అర్హత పోదు. స్కూల్‌ని అడగాల్సింది "మా వాడు గంజాయి తాగుతున్నాడు, ఏం చేస్తారు" అని కాదు. "మా వాడు రెండేళ్లుగా చదువులో కుంగిపోతున్నాడు, కారణం ఏంటో పరీక్షించండి" అని. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఐఈపీ, 504 ప్లాన్ రెండూ ఒకటేనా?

కాదు. ఐఈపీ ఐడియా చట్టం కింద వస్తుంది. పిల్లాడికి గుర్తించిన వైకల్యం ఉండాలి, దానివల్ల చదువు దెబ్బతినాలి, ప్రత్యేకంగా బోధించాల్సిన అవసరం ఉండాలి. మూడూ కుదిరితేనే ఇస్తారు. 504 ప్లాన్ 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని 504వ సెక్షన్ కింద వస్తుంది. నేర్చుకోవడం, ఏకాగ్రత, నిద్ర వంటి రోజువారీ ముఖ్యమైన పనుల్లో దేన్నయినా గణనీయంగా అడ్డుకునే శారీరక, మానసిక సమస్య ఉంటే చాలు. పరీక్షకి అదనపు సమయం, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లే వీలు, హోంవర్క్ తగ్గించడం లాంటివి 504లో ఇస్తారు. ప్రత్యేక టీచర్, కొలవదగిన లక్ష్యాలు, క్రమశిక్షణ విషయంలో గట్టి రక్షణ ఐఈపీతో వస్తాయి.

గ్రేడ్లు ఇంకా బాగానే ఉన్నాయి. అయినా అడగొచ్చా?

అడగొచ్చు. ఫెయిల్ కాలేదనో, ఏటా పై క్లాసుకి వెళ్తున్నాడనో చెప్పి స్పెషల్ ఎడ్యుకేషన్ నిరాకరించడానికి వీల్లేదని కేంద్ర నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. హాజరు, క్లాసులో ప్రవర్తన, తోటి పిల్లలతో మెలగడం కూడా చదువులో భాగమేనని వాదించవచ్చు. మన ఇళ్లలో గ్రేడ్లు చివరిదాకా నిలబడతాయి. ట్యూషన్లు పెడతాం, అమ్మ పక్కన కూర్చుని అసైన్‌మెంట్లు పూర్తి చేయిస్తుంది. ఆ గ్రేడు వెనక ఇంట్లో ఎంత మంది ఎన్ని గంటలు మోస్తున్నారో స్కూల్‌కి తెలియదు. అది రాసి ఇవ్వండి.

స్పెషల్ ఎడ్ అంటే బుద్ధి ఎదగని పిల్లలకి కదా? కాలేజీ అడ్మిషన్ పోదా?

స్పెషల్ ఎడ్యుకేషన్ తీసుకుంటున్నవాళ్లలో తెలివైన పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. వాళ్లలో చాలామంది మామూలు క్లాసుల్లోనే కూర్చుంటారు. ఐఈపీ ఉందని కాలేజీకి మీరు చెప్పాల్సిన పని లేదు. అడ్మిషన్‌ని నిజంగా దెబ్బతీసేది సస్పెన్షన్లూ, పోగొట్టుకున్న క్రెడిట్లూ.

## ఇవాల్యుయేషన్ (అర్హత తేల్చే పరీక్ష) అడిగేటప్పుడు

కౌన్సెలర్‌తో ఫోన్లో చెప్పాం. అది చాలదా?

చాలదు. రాతపూర్వకంగా అడగండి. ప్రిన్సిపాల్‌కీ, స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ) స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కీ ఒకే ఈమెయిల్ పంపండి. "మా అబ్బాయికి ఐడియా కిందా, 504 కిందా పూర్తి ఇవాల్యుయేషన్ కావాలని అడుగుతున్నాం" అనే వాక్యం అందులో ఉండాలి. తేదీ ఉండాలి. మీరు గమనించిన మార్పులు నాలుగైదు రాయండి: ఎప్పటినుంచి నిద్ర లేదు, ఎప్పుడు క్రికెట్ మానేశాడు, ఏ క్లాసులు ఎగ్గొడుతున్నాడు.

ఈ ఈమెయిల్‌కి ఇంకో విలువ ఉంది. రేపు స్కూల్లో ఏదైనా గొడవ జరిగితే, "ఈ పిల్లాడికి సమస్య ఉందని మాకు తెలియదు" అనడానికి డిస్ట్రిక్ట్‌కి వీలుండదు. నేను చూసిన కుటుంబాల్లో అందరికంటే తక్కువ నష్టపోయినవాళ్లు లాయర్‌ని పెట్టుకున్నవాళ్లు కారు. గొడవకి ముందే ఇలా ఒక ఈమెయిల్ రాసి పెట్టుకున్నవాళ్లు.

ఆ లెటర్‌లో డ్రగ్స్ సంగతి రాయాలా, దాచాలా?

అబద్ధం ఆడొద్దు. అలాగని దాంతోనే మొదలుపెట్టొద్దు. మొదటి పేరాలోనే "డ్రగ్స్" అని కనిపిస్తే, స్కూల్ దాన్ని క్రమశిక్షణ ఫైల్లో వేసి చూస్తుంది. డిప్రెషన్, ఏకాగ్రత లేకపోవడం, హాజరు తగ్గడం ముందు రాయండి. వాడకం గురించి చెప్పాల్సి వస్తే డాక్టర్ రిపోర్టులో ఉన్నంతవరకు చెప్పండి. ఎక్కడ కొన్నాడు, ఎవరితో తాగాడు, ఎవరికిచ్చాడు వంటి వివరాలు ఈమెయిల్‌లో అస్సలు వద్దు. రాసింది ఏదైనా స్కూల్ రికార్డులో చేరుతుంది.

"ముందు మీరు మాన్పించండి, ఆ తర్వాత పరీక్షిద్దాం" అంటున్నారు. అలా అనొచ్చా?

ఐడియా చట్టంలో అలాంటి షరతు లేదు. వైకల్యం ఉండొచ్చని అనుమానించే పిల్లల్ని వెతికి పరీక్షించే బాధ్యత డిస్ట్రిక్ట్‌దే. దాన్ని చైల్డ్ ఫైండ్ అంటారు. ముందు మామూలు క్లాసులోనే కొంత సాయం ఇచ్చి చూస్తామని చెప్పి ఇవాల్యుయేషన్‌ని వాయిదా వేయడం కూడా కుదరదని కేంద్ర విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పిల్లాడు మత్తులో ఉన్న రోజు పెట్టిన టెస్టుకి విలువుండదు. తేదీ మార్చమని సైకాలజిస్టు అడిగితే అది న్యాయమే. వారం వెనక్కి జరపడం వేరు, "మానేశాక రండి" అని పంపేయడం వేరు. స్కూల్ పరీక్షించనంటే ఆ మాట కారణాలతో సహా కాగితం మీద ఇమ్మనండి. దాన్ని ప్రయర్ రిటెన్ నోటీస్ అంటారు, ఇవ్వడం వాళ్ల విధి. ఆ పేరు చెప్పగానే చాలాచోట్ల మాట మెత్తబడుతుంది.

మొత్తం ఎన్ని రోజులు పడుతుంది?

మీరు సంతకం పెట్టిన రోజు నుంచి 60 రోజుల్లో ఇవాల్యుయేషన్ పూర్తి చేయాలన్నది కేంద్ర నియమం. రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. టెక్సాస్‌లో 45 స్కూల్ పనిదినాలు. న్యూజెర్సీలో పరీక్ష, అర్హత, ఐఈపీ అమలు అన్నీ కలిపి 90 రోజులు. అర్హత తేలాక 30 రోజుల్లో ఐఈపీ మీటింగ్ జరగాలి. పరీక్షకి ఇచ్చిన సంతకం సేవలకి ఒప్పుకున్నట్టు కాదు, దానికి మళ్లీ విడిగా అడుగుతారు. కాబట్టి మొదటి సంతకానికి భయపడి నెలలు పోగొట్టుకోవద్దు.

మా ఆవిడకి ఇంగ్లిష్ అంత రాదు. మీటింగ్‌లో తెలుగులో మాట్లాడే వీలుంటుందా?

ఉంటుంది. ఐఈపీ మీటింగ్‌లో ఏం జరుగుతోందో తల్లిదండ్రులకి అర్థమయ్యేలా అవసరమైతే ఇంటర్‌ప్రెటర్‌ని స్కూలే ఉచితంగా ఏర్పాటు చేయాలి. వారం పది రోజుల ముందు అడగండి. పిల్లాడి చేత మాత్రం అనువాదం చేయించకండి. తన గురించి నలుగురు మాట్లాడే మాటలు వాడే తన అమ్మకి చెప్పాల్సి రావడం అన్యాయం. పైగా ఏది వదిలేస్తాడో మీకు తెలియదు.

## అర్హత తేల్చే మీటింగ్‌లో

ఇలాంటి పిల్లలకి ఏ విభాగం కింద అర్హత వస్తుంది?

ఎక్కువగా మూడు దారులు.

మొదటిది ఎమోషనల్ డిస్టర్బెన్స్. కారణం తెలియకుండా నేర్చుకోలేకపోవడం, తోటివాళ్లతో టీచర్లతో సంబంధాలు నిలుపుకోలేకపోవడం, మామూలు పరిస్థితుల్లో వింతగా ప్రవర్తించడం, ఎప్పుడూ దిగులుగా ఉండటం, భయాలూ టెన్షన్ వల్ల ఒంటి నొప్పులు రావడం. ఈ ఐదింటిలో ఒక్కటైనా చాలాకాలంగా, తీవ్రంగా ఉండి చదువుని దెబ్బతీయాలి.

రెండోది అదర్ హెల్త్ ఇంపెయిర్‌మెంట్. ఆరోగ్య సమస్య వల్ల ఓపిక, చురుకుదనం, శ్రద్ధ తగ్గి చదువు దెబ్బతినాలి. ఏడీహెచ్‌డీ, ఆస్తమా, డయాబెటిస్, ఫిట్స్ ఉదాహరణలుగా రాశారు. ఆ జాబితా "వంటివి" అన్న అర్థంతో ఉంది కాబట్టి అక్కడ పేరు లేని సమస్య గురించి కూడా వాదించే వీలుంది. అలాగని మత్తు అలవాటునే ఇందులో ఆరోగ్య సమస్యగా చూపించాలనుకుంటే గట్టి వైద్య ఆధారం కావాలి, స్కూళ్లు తేలిగ్గా ఒప్పుకోవు. తోడుగా ఉన్న డిప్రెషన్, ఏడీహెచ్‌డీ మీద నిలబడటం మంచిదని నా అభిప్రాయం.

మూడోది లెర్నింగ్ డిజెబిలిటీ. హైస్కూల్‌కి వచ్చేదాకా తెలివితో నెట్టుకొచ్చిన పిల్లలు ఒక్కసారిగా జారిపోయి, ఆ అవమానంలోంచి మత్తులోకి వెళ్లడం ఉంది. చిన్న క్లాసుల రిపోర్టు కార్డులు తీసి చూడండి. వాడకం మొదలవకముందే ఉన్న సమస్యకి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

"ఇది సోషల్ మాల్‌అడ్జస్ట్‌మెంట్, డిజెబిలిటీ కాదు" అన్నారు. అంటే ఏంటి?

కావాలని తప్పుదారి పట్టాడు, జబ్బు కాదు అని చెప్పడం. ఎమోషనల్ డిస్టర్బెన్స్ నిర్వచనం చివర, సంఘంలో ఇమడలేక తప్పుగా ప్రవర్తించే పిల్లలకి ఇది వర్తించదని ఉంది. డ్రగ్స్ వాడే పిల్లల్ని అర్హత లేదని పంపేసేది ఎక్కువగా ఈ ఒక్క మాటతోనే. తమాషా ఏంటంటే, సోషల్ మాల్‌అడ్జస్ట్‌మెంట్ అంటే ఏంటో కేంద్ర నియమాల్లో ఎక్కడా రాయలేదు. అదే వాక్యంలో రెండో సగం కూడా ఉంది: ఆ పిల్లాడికి ఎమోషనల్ డిస్టర్బెన్స్ కూడా ఉందని తేలితే ఈ మినహాయింపు పనిచేయదు. రెండూ ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటోంది. కాబట్టి మీటింగ్‌లో "చెడు సావాసాలు లేవు" అని వాదిస్తూ కూర్చోకండి. "దిగులు ఏడాదిన్నర నుంచి ఉంది, ఇదిగో పీడియాట్రీషియన్ నోట్సు" అని చూపించండి. తేదీలు మాట్లాడతాయి.

ఆ నిర్వచనం పిల్లాడి నేరం గురించి కాక పిల్లాడి బాధ గురించి అడగాల్సింది. అది నా గొడవ.

అర్హత లేదని తేల్చారు. ఇప్పుడేం చేయాలి?

స్కూల్ చేసిన పరీక్ష సరిగా లేదనిపిస్తే, బయటి నిపుణుడితో డిస్ట్రిక్ట్ ఖర్చు మీద మళ్లీ పరీక్ష చేయించమని అడగొచ్చు. డిస్ట్రిక్ట్ అందుకు డబ్బు ఇవ్వాలి, లేదా తమ పరీక్ష సరైందేనని హియరింగ్‌లో (విచారణలో) నిరూపించుకోవాలి. అలాగే రాష్ట్ర విద్యాశాఖకి ఫిర్యాదు చేయవచ్చు. ఏడాదిలోపు జరిగిన ఉల్లంఘన అయి ఉండాలి, 60 రోజుల్లో తేల్చాలి. డ్యూ ప్రాసెస్ హియరింగ్ మూడో దారి, దానికి మామూలుగా రెండేళ్ల గడువు. ఐఈపీ రాకపోయినా 504 రావచ్చు, ఆ ప్రశ్న అదే మీటింగ్‌లో లేవనెత్తండి. ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర నిధులతో నడిచే పేరెంట్ సెంటర్ ఒకటి ఉంటుంది. సలహాకి డబ్బు తీసుకోరు. లాయర్ కంటే ముందు వాళ్లకి ఫోన్ చేయండి.

## స్కూల్లో పట్టుబడినప్పుడు

ఐఈపీ ఉంది. వేప్‌తో (ఈ-సిగరెట్‌తో) పట్టుబడ్డాడు. సస్పెండ్ చేయలేరు కదా?

చేయగలరు. 10 స్కూల్ రోజుల వరకు మిగతా పిల్లల్లాగే సస్పెండ్ చేయవచ్చు. అంతకు మించి బయట పెట్టాలంటే, ఆ నిర్ణయం తీసుకున్న 10 స్కూల్ రోజుల్లో మ్యానిఫెస్టేషన్ మీటింగ్ పెట్టాలి. అక్కడ రెండే ప్రశ్నలు. ఈ పని వైకల్యం వల్ల జరిగిందా, లేదా దానితో నేరుగా, గట్టిగా ముడిపడి ఉందా? స్కూల్ ఐఈపీని అమలు చేయకపోవడం వల్ల జరిగిందా? ఏ ఒక్కదానికి అవునన్నా మామూలుగా పిల్లాడు తిరిగి క్లాసుకి రావాలి. రెండింటికీ కాదంటే అందరికీ వేసే శిక్షే వేస్తారు. అప్పుడు కూడా, ఎక్స్‌పెల్ చేసినా సరే, ఐఈపీ పిల్లాడికి చదువు చెప్పడం మాత్రం ఆపకూడదు.

"డ్రగ్స్ కాబట్టి 45 రోజులు వేరే స్కూల్‌కి" అన్నారు. మీటింగ్ లేకుండానే పంపొచ్చా?

స్కూల్లో, స్కూల్ ఆవరణలో, స్కూల్ కార్యక్రమంలో తెలిసి అక్రమ డ్రగ్స్ దగ్గర పెట్టుకున్నా, వాడినా, నియంత్రిత పదార్థాలు అమ్మినా, అమ్మజూపినా 45 స్కూల్ రోజుల దాకా వేరేచోటికి పంపే అధికారం స్కూల్‌కి ఉంది. దాదాపు తొమ్మిది వారాలు. తప్పు వైకల్యం వల్లే జరిగిందని తేలినా పంపొచ్చు. మ్యానిఫెస్టేషన్ మీటింగ్ మాత్రం పెట్టాల్సిందే, ఐఈపీ సేవలు అక్కడా ఇవ్వాల్సిందే.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది, దొరికింది ఏంటన్నది. నికోటిన్, మద్యం కేంద్ర నియంత్రిత పదార్థాల జాబితాలో లేవు. కాబట్టి నికోటిన్ వేప్‌కో బీరు డబ్బాకో ఈ 45 రోజుల నియమం వాడకూడదు. గంజాయి నూనె ఉన్న వేప్ అయితే ఆ నియమం వర్తిస్తుంది. మీ రాష్ట్రంలో గంజాయి దుకాణాల్లో అమ్ముతున్నా సరే, కేంద్ర చట్టం దాన్ని నియంత్రిత పదార్థంగానే చూస్తుంది. వేప్ పెన్ను చూడగానే గంజాయి అని రాసేసిన సందర్భాలు ఉన్నాయి. టెస్టు చేశారా, ఎవరు చేశారు, రిపోర్టు ఎక్కడ అని అడగండి. "తెలిసి" అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి, ఫ్రెండ్ బ్యాగులో వేసిపోయింది నిజమైతే ఆ మాటే ఆధారం.

మా వాడికి 504 ప్లాన్ ఉంది. అదే రక్షణ ఉంటుందా?

డ్రగ్స్ విషయంలో ఉండదు. ఇది తెలియక చాలామంది దెబ్బతిన్నారు. ప్రస్తుతం అక్రమంగా డ్రగ్స్ వాడుతున్నవాళ్లకి, ఆ వాడకం కారణంగా తీసుకునే చర్యల్లో 504 రక్షణ వర్తించదు. మద్యం వాడుతున్న విద్యార్థినైనా డ్రగ్స్, మద్యం కేసుల్లో మిగతా పిల్లల్లాగే శిక్షించవచ్చు, 504 కింద ఇచ్చే హియరింగ్ హక్కు అప్పుడు ఉండదు. ఏడీహెచ్‌డీకి ఇచ్చిన అదనపు సమయం మాత్రం పోదు.

వాడకం మానేసి చికిత్స కార్యక్రమంలో ఉన్న పిల్లాడి పరిస్థితి వేరు. పర్యవేక్షణలో చికిత్స పూర్తి చేసినవాళ్లకి, చికిత్సలో ఉంటూ ఇప్పుడు వాడనివాళ్లకి ఆ మినహాయింపు తగలదు. వాళ్లకి వ్యసనమే 504 కింద వైకల్యంగా లెక్కకి రావచ్చు.

ఏ ప్లానూ లేకుండా పట్టుబడ్డాడు. ఇప్పుడు అడిగితే ఆలస్యమైనట్టేనా?

పూర్తిగా కాదు. ఘటనకి ముందే మీరు టీచర్‌కో ప్రిన్సిపాల్‌కో స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమని రాతపూర్వకంగా చెప్పి ఉన్నా, ఇవాల్యుయేషన్ అడిగి ఉన్నా, పిల్లాడి ప్రవర్తన గురించి టీచర్ నేరుగా పైఅధికారులకి చెప్పి ఉన్నా స్కూల్‌కి "ముందే తెలుసు" అని లెక్క. అప్పుడు ఐఈపీ పిల్లలకున్న రక్షణలే వర్తిస్తాయి. గతంలో మీరే పరీక్షకి ఒప్పుకోకపోతే, పరీక్షించి అర్హత లేదని తేల్చి ఉంటే ఇది పనిచేయదు. ముందు ఏమీ లేకపోయినా ఇప్పుడు అడిగితే త్వరగా పరీక్షించాలి, కానీ అది తేలేదాకా శిక్ష నడుస్తుంది.

స్కూల్ పోలీసులకి చెప్పొచ్చా?

చెప్పొచ్చు, ఐఈపీ దాన్ని ఆపదు. లాయర్ వచ్చేదాకా పిల్లాడి చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకండి, మీరూ పెట్టకండి. "నిజం చెప్పేస్తే వదిలేస్తారు" అన్నది మన పెంపకంలో మాట, ఇక్కడి పద్ధతి అది కాదు.

## చికిత్స, ఖర్చు, తిరిగి రావడం

రీహాబ్ ఖర్చు డిస్ట్రిక్ట్ చేత కట్టించవచ్చా?

డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు వదిలించే చికిత్స), మందులు వంటి వైద్య ఖర్చులు డిస్ట్రిక్ట్ కట్టదు, అవి ఇన్సూరెన్స్ చూసుకోవాలి. చదువు చెప్పడానికే అక్కడ ఉంచి తీరాలి అన్న పరిస్థితి ఉంటే మాత్రం రెసిడెన్షియల్ స్కూల్ ఫీజు, గది, భోజనం సహా డిస్ట్రిక్టే భరించాలి. గొడవంతా ఈ గీత ఎక్కడ గీయాలన్న దాని మీదే.

అందుకు ఫారెస్ట్ గ్రోవ్ కేసు తెలుసుకోవాలి. ఆరెగాన్‌లో ఒక హైస్కూల్ కుర్రాడు. చదువులో వెనకబడితే 2001లో స్కూల్ పరీక్షించి లెర్నింగ్ డిజెబిలిటీ లేదంది. ఏడీహెచ్‌డీ అనుమానం స్కూల్ సిబ్బంది మాటల్లో వచ్చింది కానీ దాని కోసం పరీక్షించలేదు. తర్వాత గంజాయి అలవాటైంది. 2003లో తల్లిదండ్రులు ప్రైవేట్ రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చి, డబ్బు తిరిగి ఇమ్మన్నారు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో, అంతకుముందు స్పెషల్ ఎడ్యుకేషన్ తీసుకోకపోయినా ఫీజు అడిగే హక్కు ఉందని తీర్పిచ్చింది. ఈ సగం కథ చాలామంది చెబుతారు.

మిగతా సగం ఇది. కేసు కింది కోర్టుకి తిరిగి వెళ్లింది. అక్కడ వాళ్లకి ఒక్క డాలర్ కూడా రాలేదు, 2011లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. కారణం? ప్రైవేట్ స్కూల్‌కి పంపింది ఏడీహెచ్‌డీ కోసం కాదు, డ్రగ్స్, ప్రవర్తన సమస్యల కోసం అని కోర్టు నమ్మింది. ఆ స్కూల్ దరఖాస్తులో తండ్రి రాసిన కారణాలు కూడా అదే చూపించాయి. రాత్రికి రాత్రి భయంలో నింపిన ఒక ఫారం ఏళ్ల తర్వాత సాక్ష్యమైంది. అందుకే రీహాబ్ ఫారాల్లో చదువు సమస్యలు కూడా నిజంగా ఉన్నంతవరకు రాయండి. ఇంకొకటి: పిల్లాడిని తీసుకెళ్లడానికి కనీసం 10 పనిదినాల ముందు డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే రావాల్సిన డబ్బు తగ్గించవచ్చు, పూర్తిగా నిరాకరించవచ్చు.

రీహాబ్ నుంచి వచ్చాక పాత స్కూల్‌కే పంపాలా?

అదే స్నేహితులు, అదే బాత్రూమ్, అదే బస్సు. ఆ భయం సహజమే. కొన్ని రాష్ట్రాల్లో రికవరీ హైస్కూళ్లు ఉన్నాయి, మానేసిన పిల్లలే అక్కడ చదువుతారు. మసాచుసెట్స్‌లో ప్రభుత్వ నిధులతో ఇవి నడుస్తున్నాయి. హ్యూస్టన్‌లో ఆర్చ్‌వే అకాడమీ ఉంది. అందుబాటులో లేకపోతే పాత స్కూల్లోనే తిరిగివచ్చే రోజుకి ముందు మీటింగ్ పెట్టించండి. వారానికి ఎన్నిసార్లు కౌన్సెలింగ్, పోయిన క్రెడిట్లు ఎలా, మనసు జారితే ఏ గదికి వెళ్లి ఎవరితో మాట్లాడాలి అన్నవి కాగితం మీదికి రావాలి.

డాక్టర్ బ్యుప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) రాశారు. "అదీ డ్రగ్గే" అంటోంది స్కూల్.

డాక్టర్ పర్యవేక్షణలో, రాసిచ్చిన ప్రకారం వాడే మందు అక్రమ వాడకం కిందికి రాదు. మాత్రలు పిల్లాడి జేబులో పెట్టకుండా నర్సు ద్వారా నడపండి.

## రికార్డులు, వీసా, ఇల్లు

రీహాబ్ రికార్డులు స్కూల్‌కి ఇచ్చి తీరాలా?

అక్కర్లేదు. మత్తు చికిత్స రికార్డులకి మామూలు వైద్య రికార్డుల కంటే కఠినమైన కేంద్ర గోప్యతా నియమం ఉంది, రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి ఇవ్వకూడదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో 12 ఏళ్లు నిండిన పిల్లలు తామే చికిత్సకి ఒప్పుకోవచ్చు. అలాంటి చోట ఆ అనుమతి పిల్లాడే ఇవ్వాలి. స్కూల్ పెద్ద ఫారం ఇచ్చి "అన్ని రికార్డులు" అంటే కొట్టేసి, "డయాగ్నోసిస్, స్కూల్లో కావలసిన సాయం" అని రాసి సంతకం పెట్టండి. ఒక్క పేజీ లెటర్ చాలు.

మేం హెచ్-1బీ మీద ఉన్నాం, పిల్లాడు హెచ్-4. ఐఈపీ అడిగితే గ్రీన్‌కార్డుకి ఇబ్బందా?

ఐడియా హక్కులకి వీసాతో సంబంధం లేదు. వీసా లేని పిల్లల్ని కూడా ప్రభుత్వ స్కూళ్లు చేర్చుకోవాల్సిందేనని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

ప్రమాదం ఉన్నది డ్రగ్ కేసుతో. నియంత్రిత పదార్థాల నేరాలు ఇమ్మిగ్రేషన్‌లో చాలా బరువైనవి. శిక్ష పడకపోయినా, అధికారి ముందు నేరం ఒప్పుకున్నా చిక్కే. రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఇమ్మిగ్రేషన్ చూసేది కేంద్ర చట్టాన్నే. గ్రీన్‌కార్డు మెడికల్‌లో డ్రగ్స్ వాడకం గురించి అడుగుతారు. జువెనైల్ కోర్టులో తేలిన కేసు మామూలుగా ఇమ్మిగ్రేషన్ లెక్కలో శిక్షగా పరిగణించరు. కాబట్టి కేసు జువెనైల్ కోర్టులో నడుస్తుందా, పెద్దల కోర్టుకి వెళ్తుందా అన్నది మీ పిల్లాడికి అన్నిటికంటే ముఖ్యం. దేనికైనా ఒప్పుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడండి, క్రిమినల్ లాయర్ ఒక్కరే చాలరు.

18 నిండాయి. ఇంకా మేమే మాట్లాడొచ్చా?

చాలా రాష్ట్రాల్లో 18 ఏళ్లకి ఈ హక్కులు పిల్లాడి చేతికి వెళ్తాయి. వాడు సంతకం పెడితేనే ఏదైనా. ముందుగానే కూర్చోబెట్టి మాట్లాడుకోండి. ఐఈపీ డిప్లొమా చేతికి వచ్చాక ఆగిపోతుంది. డిప్లొమా తీసుకోకపోతే రాష్ట్రాన్ని బట్టి 21 దాకా కొనసాగుతుంది.

గుంటూరులో అమ్మమ్మ తాతయ్య దగ్గరికి ఏడాది పంపేస్తే?

ఇది అడగని ఇల్లు లేదు. పంపితే ఇక్కడి ఐఈపీ అక్కడ చెల్లదు. భారత్‌లో 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, మాదకద్రవ్యాల వ్యసనం వాటిలో విడిగా లేదు. తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ మొదటినుంచి ఇవాల్యుయేషన్ పెట్టాల్సి రావచ్చు, హైస్కూల్ క్రెడిట్లు పోవచ్చు. హెచ్-4 పిల్లాడైతే మళ్లీ వీసా స్టాంపింగ్ ఉంటుంది, కేసు ఏదైనా ఉంటే అక్కడ అడుగుతారు. సరుకు అక్కడ దొరకదనుకోవడం కూడా భ్రమే.

అయినా పంపాల్సి వస్తే వెళ్లేముందు మూడు పనులు చేయండి. ఇక్కడి ఇవాల్యుయేషన్ పూర్తి చేయించి కాపీ తీసుకోండి. అక్కడ చికిత్స చేసే సైకియాట్రిస్టుని ముందే మాట్లాడి పెట్టుకోండి. భారత ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబరు తాతయ్య ఫోన్లో సేవ్ చేయండి. ఎందుకు పంపుతున్నారో అమ్మమ్మకి, తాతయ్యకి నిజం చెప్పే పంపండి. తెలియకపోతే పర్సు ఎక్కడ పెట్టాలో కూడా వాళ్లకి తెలియదు.